కర్రతో చెట్టు ఎత్తు కొలుద్దాం, 3వ భాగం: వెనక్కి నడవడానికి చోటు లేకపోతే?

మొదటి భాగంలో నీడతో కొలిచాం. రెండో భాగంలో విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ పొడవునా మిమ్మల్ని నడిపించి (దాని పొడవు 91.3 మీటర్లు) నడిచేటప్పుడు మీ ఒక్కో అడుగు ఎన్ని సెంటీమీటర్లో తేల్చుకోమన్నాను. నాది 70. మీది ఇంకా తేలకపోతే ముందు ఆ పని చూడండి, ఈరోజు పాఠమంతా దాని మీదే నడుస్తుంది.

ఒక తిన్నని కర్ర తీసుకోండి, మీటరుంటే చాలు. చెయ్యి బాగా ముందుకు చాపి కర్ర పట్టుకుని, పైకొసను మీ వైపు వాల్చండి. కొస కంటి పక్కన చెంపకి సరిగ్గా తగిలేలా పిడికిలి పైకో కిందికో జరుపుకోండి. తగిలాక పిడికిలి కదపకుండా కర్రను నిటారుగా నిలబెట్టి, ఒక కన్ను మూసి, చెట్టు మొదలు పిడికిలి పైఅంచుకీ చెట్టు కొస కర్ర కొసకీ కలిసేదాకా వెనక్కి నడవండి. వెనక ఏముందో చూసుకోండి బాబూ, నేను బీచ్ రోడ్డులో ఇలాగే నడుస్తూ మురీ మిక్చర్ బండిని గుద్దుకున్నాను, ఉల్లిపాయలన్నీ కిందపడ్డాయి. కలిసిన చోటు నుంచి చెట్టు దాకా ఎంత దూరమో చెట్టు అంత ఎత్తు. కంటికీ పిడికిలికీ మధ్య దూరం, పిడికిలి పైన కర్ర పొడవు సమానం కదా, అందుకని.

భీమిలి రోడ్డులో సరుగుడు చెట్లతో మొదలుపెట్టండి. కాకపోతే సముద్రపు గాలికి కొన్ని వాలి ఉంటాయి. చెట్టు మీ వైపు వాలి ఉంటే ఉన్నదానికన్నా ఎత్తుగా వస్తుంది, అటు వాలి ఉంటే తక్కువ వస్తుంది. ఏ వైపు వాలిందో చూసుకుని, దానికి అడ్డంగా, పక్కకి వచ్చి నిలబడి కొలవండి.

ఇక్కడిదాకా తేలికే. నా గర్వం అణిగింది కాలిఫోర్నియాలో. పోయిన వేసవిలో అమ్మాయి, అల్లుడు మమ్మల్ని 101 రోడ్డు మీద ఉత్తరానికి తీసుకెళ్లి, తీరం వెంబడి రెడ్‌వుడ్ అనే మహా ఎత్తయిన చెట్ల అడవుల్లో 'అవెన్యూ ఆఫ్ ది జెయింట్స్' అనే 31 మైళ్ల పాత రోడ్డులోకి తిప్పారు. కారు దిగగానే కర్ర తీశాను. నాలుగడుగులు వెనక్కి వేస్తే ఇంకో చెట్టు నా వీపుకి తగిలింది. వంద మీటర్లు వెనక్కి పోవాలి, పది మీటర్ల ఖాళీ లేదు. పొద్దున్నయితే పసిఫిక్ మీద నుంచి వచ్చిన పొగమంచులో కొసే కనపడలేదు (ఎండాకాలంలో అక్కడ వాన దాదాపు ఉండదు, ఆ మంచే వాటికి నీళ్లు). నీడ పద్ధతి అసలే కుదరదు, నేల మీద ఏ నీడ దేనిదో ఎవరు చెప్పగలరు?

"తాతా, పడుకున్న చెట్టుని కొలుద్దాం" అన్నాడు మనవడు. వాడు చెప్పింది డయర్‌విల్ జెయింట్ గురించి, 1991లో కూలిపోయిన చెట్టు, అలాగే వదిలేశారు. వేర్ల చివర నుంచి మొదలుపెట్టి ఇద్దరం పక్కనే నడుచుకుంటూ లెక్కపెట్టాం. నాకు 150 అడుగులు వచ్చాయి, అంటే అడుగుకి 70 సెంటీమీటర్ల లెక్కన 105 మీటర్లు. నిలబడి ఉన్నప్పుడు అది 110 మీటర్ల పైనే. కొస విరిగి పొదల్లో కలిసిపోయింది కాబట్టి ఆ తేడా నాకు తప్పనిపించలేదు. కురుసురని నిటారుగా నిలబెట్టినా దాని కొస అందదు!

అన్నిటికన్నా ఎత్తయిన హైపీరియన్ చెట్టు 2006లో బయటపడింది. దాన్ని కర్రతో కాదు, పైకెక్కి టేపు కిందికి వదిలి కొలిచారు, 115 మీటర్ల పైమాటే. జనం తొక్కి చుట్టూ నేలంతా పాడుచేస్తున్నారని 2022లో అటు వెళ్లడం ఆపేశారు. మేమూ వెళ్లలేదు.

చోటు తక్కువైనప్పుడు చేసే కిటుకు ఇదీ. పిడికిలి పైన కర్రని రెట్టింపు వదలండి: కంటి నుంచి పిడికిలికి 60 సెంటీమీటర్లయితే పైన 120 ఉండాలి, అంటే ఇందాకటి కర్ర చాలదు, పొడుగుది కావాలి. ఇప్పుడు సగం దూరంలోనే మొదలూ కొసా కలుస్తాయి, వచ్చిన దూరాన్ని రెండుతో గుణించండి. దీన్లో ఒక చిక్కుంది, అడుగుల్లో ఒకటి తప్పితే ఎత్తులో రెండు తప్పుతాయి. కర్ర కొంచెం వాలినా అంతే. అందుకని మూడుసార్లు కొలిచి మధ్యలో వచ్చిన అంకె తీసుకుంటాను నేను.

ఈ వారం మీ వీధిలో ఒక కొబ్బరిచెట్టు చూసుకుని, మొదట మామూలు కర్రతో, తర్వాత రెట్టింపు కర్రతో కొలవండి. రెండింటికీ మీటరు కన్నా ఎక్కువ తేడా వస్తే కర్ర నిటారుగా లేదన్నమాట, ఒక దారానికి తాళంచెవి కట్టి పక్కన వేలాడదీసి సరిచూసుకోండి. నాలుగో భాగంలో కైలాసగిరి వాలు మీద కొలుద్దాం, అక్కడ అడుగుల లెక్కే మారిపోతుంది.