‘బి మై బేబీ’ డ్రమ్ దరువు ఎలా వాయించాలి?

ధమ్. ధ ధమ్. టప్. 1963లో రోనెట్స్ బృందం పేరుతో వచ్చిన ‘బి మై బేబీ’ ఈ నాలుగు దెబ్బలతో మొదలవుతుంది. విన్న ప్రతివాడూ ‘ఇంతేనా’ అంటాడు. తీరా వాయించమంటే అయిదో దెబ్బ వేస్తాడు. కుర్రాళ్లకు డ్రమ్స్ నేర్పుతూ ఆ అయిదో దెబ్బ వినీ వినీ విసుగెత్తి ఇది రాస్తున్నాను.

కావలసినవి: బాస్ డ్రమ్ (కాలితో మోగించే పెద్ద డ్రమ్), స్నేర్ (పుల్లతో కొట్టే, ‘టప్’మనే చిన్న డ్రమ్), రెండు పుల్లలు. సింబల్స్‌ను, అంటే లోహపు పళ్లేలను, దూరంగా జరపండి, అందుబాటులో ఉంటే కొట్టకుండా ఉండలేరు. ఎలక్ట్రానిక్ ప్యాడ్ మీద ఈ దరువు నేర్చుకోకూడదు. ఎందుకని అడగకండి, నేను ఒప్పుకోను.

మొదటి మెట్టు. నాలుగు లెక్కల ఆవృతాన్ని ఎనిమిది గడులు చేయండి. ఒకటి, నాలుగు, అయిదు గడుల్లో కాలితో బాస్. ఏడో గడిలో చేత్తో స్నేర్. పది నిమిషాల పని.

రెండో మెట్టు. నిమిషానికి 80 లెక్కల వేగంతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. అసలు పాట 130 దగ్గర నడుస్తుంది.

మూడో మెట్టు దగ్గరే అందరూ బోల్తా పడతారు. మూడో గడి, అంటే రెండో లెక్క, ఖాళీగా ఉండాలి. పాప్ పాటల్లో రెండుకీ నాలుగుకీ స్నేర్ పడటం మామూలు. చేతికి అదే అలవాటు, మీ ప్రమేయం లేకుండానే దిగిపోతుంది. ఒక రిసెప్షన్‌లో నా శిష్యుడే ఆ దెబ్బ వేస్తే, పాడుతున్న అమ్మాయి వెనక్కి తిరిగి నన్ను చూసింది, వాణ్ని కాదు.

నిజానికి అసలు పాటలో అక్కడ దెబ్బ పడాల్సింది. లాస్ ఏంజెలెస్‌లోని గోల్డ్ స్టార్ స్టూడియోలో ఆ రోజు డ్రమ్స్ వాయించింది హాల్ బ్లెయిన్. రెండుకీ నాలుగుకీ కొట్టాల్సినవాడినని, పుల్ల జారి రెండోది తప్పిందని, ఆ తప్పును అలాగే ఉంచేశానని తర్వాత ఆయనే చెప్పాడు. ఒక్కసారి తప్పితే దొరికిపోతాం కదా, అందుకే ప్రతి ఆవృతంలోనూ తప్పాడు! రెండో లెక్క లేని ఆ పాట అమెరికా పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో రెండో స్థానం దాకా వెళ్లింది. బీచ్ బాయ్స్ బృందపు బ్రయన్ విల్సన్ కారు రేడియోలో అది విని బండి పక్కకు ఆపుకున్నాడు.

మరి మన చేతిలో ఆ ఖాళీ ఎందుకు భయపెడుతుంది? గోల్డ్ స్టార్‌లో ప్రతిధ్వని కోసమే కట్టిన గదులుండేవి. రికార్డులో మొదటి ‘ధమ్’ తోక ఆ ఖాళీ మీదుగా సాగుతుంది. మన గదిలో పరుపులు, కర్టెన్లు శబ్దాన్ని మింగేస్తాయి. ఆ ఖాళీ గొయ్యిలా కనిపిస్తుంది, పూడ్చాలని చెయ్యి ఉబలాటపడుతుంది. ఈ పాట పాడిన రోనీకి ఈ సంగతి బాగా తెలుసు. గొంతు బాగా మోగుతుందని ఆమె ఈ పాటను స్టూడియోలోని ఆడవాళ్ల బాత్రూమ్‌లో సాధన చేసింది.

చాలామంది గురువులు ‘రెండు’ అని మనసులో అనుకోమంటారు. దండగ. ఖాళీగా కూర్చోబెడితే చెయ్యి తన పని తానే వెతుక్కుంటుంది. ఆది తాళం వేసేటప్పుడు దెబ్బ తర్వాత అరచెయ్యి వెల్లకిలా తిప్పి విసర్జితం వేస్తాం చూశారా, అదే ఇక్కడా చేయండి. రెండో లెక్కకు పుల్లను పైకెత్తి మణికట్టు తిప్పండి, దించకండి. ఆ పుల్ల నాలుగో లెక్కకే కిందికి రావాలి. వారం రోజులు తొడ మీద చేయండి, ఆ తర్వాతే స్నేర్ ముట్టుకోండి.

నాలుగో లెక్క దెబ్బ గట్టిగా పడాలి. ప్రేమ పాట కదా అని మెత్తగా కొడతారు కొందరు. రాసినవాళ్లు ముగ్గురు: జెఫ్ బారీ, ఎలీ గ్రీనిచ్, నిర్మాత ఫిల్ స్పెక్టర్. రోనీ 1968లో ఆ స్పెక్టర్‌నే పెళ్లాడి, 1972లో కాళ్లకు చెప్పులైనా లేకుండా ఆ ఇంట్లోంచి పారిపోయింది. ఈ పాటలో మెత్తదనం వెతకాలంటే నాకు చెయ్యి రాదు.

చివర్లో వాద్యాలన్నీ ఆగిపోయి డ్రమ్స్ ఒంటరిగా మళ్లీ వస్తాయి. ‘ఇక నా వంతు’ అని అందరూ అక్కడే రెచ్చిపోతారు. ఆగండి. అక్కడా అవే నాలుగు దెబ్బలు, రెండో లెక్క ఖాళీ. ఆ తర్వాత పాట సన్నగిల్లుతుండగా బ్లెయిన్ చేతులకు స్వేచ్ఛ ఇచ్చి తోచినట్టు వాయించాడు. మీరూ అక్కడ మీ సరదా తీర్చుకోండి.