చెయ్యి కాలిందా? ముందు నీళ్లు, తర్వాతే చూడటం

గంజి వారుస్తుంటే ఒలికింది, ఇడ్లీ కుక్కర్ మూత తీస్తే ఆవిరి కొట్టింది, పోపులో నూనె చిందింది. వంటింట్లో మామూలే. ఎంత కాలిందో చూసేముందు ఆ చోటు కుళాయి కింద పెట్టండి, 20 నిమిషాలు. రెండు నిమిషాలకే తీసేయకండి, ఐస్ పెట్టకండి. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయండి. టూత్‌పేస్టు, పసుపు, ఇంకు పూస్తే అడుగున చర్మం ఎలా ఉందో మీకూ తెలీదు, డాక్టరుకూ తెలీదు.

ఇప్పుడు చూడండి. పైపైన కాలితే చర్మం పొడిగా ఉండి ఎర్రబడుతుంది, ముట్టుకుంటే మంట, బొబ్బ ఉండదు, సాధారణంగా వారంలో తగ్గిపోతుంది. ఎర్రబడుతుందని అందరూ రాసేస్తారు గానీ చామనఛాయ, నలుపు ఒంటి మీద ఆ ఎరుపు సరిగ్గా కనిపించదు, కాస్త కమిలినట్టు ఉంటుందంతే. అందుకే వెలుతురులో రెండో చెయ్యి పక్కన పెట్టి పోల్చుకోండి. కాలినచోటు కొంచెం ఉబ్బుగా, వెచ్చగా తగులుతుంది.

బొబ్బ లేచిందంటే ఇంకాస్త లోతుగా కాలినట్టు. చితికితే అడుగున గులాబీరంగులో తడితడిగా ఉంటుంది, గాలి తగిలినా భగ్గుమంటుంది. సూదితో పొడవకండి, మామూలుగా రెండు మూడు వారాల్లోపు మానుతుంది. బొబ్బ వెంటనే రావాలనేం లేదు. నాకు ఓసారి కుక్కర్ ఆవిరి మణికట్టుకి తగిలితే రాత్రి వరకూ ఏమీ లేదు, పొద్దున లేచేసరికి శనగగింజంత బొబ్బలు మూడు! కాబట్టి మర్నాడు మళ్లీ చూసుకోండి.

అసలు తిరకాసు నొప్పితో. నొప్పి లేదు కదా అని ఊరుకుంటాం, కానీ బాగా లోతుగా కాలితే నరాల కొసలు కూడా పోయి నొప్పి తెలియదు. చర్మం తెల్లగా, మైనం పూసినట్టుగా, లేదా గోధుమరంగులో తోలులా బిరుసుగా కనిపిస్తే రూపాయి బిళ్లంతైనా ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

కాలినవాళ్ల అరచెయ్యి కంటే పెద్దదైనా (పిల్లాడికి పిల్లాడి అరచెయ్యే కొలత), ముఖం, చేతులు, పాదాలు, కీళ్ల మీద బొబ్బలెక్కినా, కరెంటు, యాసిడ్ వల్ల అయినా ఇంటి వైద్యం వద్దు. పసిపిల్లలు, ముసలివాళ్ల విషయంలో చిన్నదైనా చూపించండి. రెండు మూడు రోజుల తర్వాత నొప్పి పెరిగి చీము, జ్వరం వచ్చినా అంతే. షుగరుతో పాదాలు తిమ్మిరెక్కేవాళ్లకి చురుక్కుమనడమే తెలీదు, కాపడం పెట్టుకున్నాక అరికాళ్లు కళ్లతో చూసుకోవాలి, వంగలేకపోతే ఇంట్లోవాళ్లని చూడమనాలి.