కల్పిత సైన్యానికి హోదాల పేర్లు కట్టే పద్ధతి

ఊహాలోకాన్ని సృష్టించే రచయితలూ, ఆటలను రూపొందించేవారూ సైన్యం దగ్గరికి వచ్చేసరికి తరచుగా రెండు దారుల్లో ఒకదాన్ని పడతారు. కొందరు దినపత్రికల్లో కనిపించే లెఫ్టినెంట్‌నూ కల్నల్‌నూ యథాతథంగా తెచ్చి వెయ్యేళ్ల నాటి కోట బురుజు మీద నిలబెడతారు. మరికొందరు చెవికి గంభీరంగా తోచిన నాలుగు అక్షరాలను కలిపి, అర్థం లేని పేరు ఒకటి పుట్టిస్తారు. రెండింటిలోనూ లోపం ఒక్కటే. హోదా పేర్లలో చాలావరకు మొదట హోదాలు కావు. ఎవరో ఒకరు చేసిన పనికి పెట్టిన పేర్లు. కాబట్టి పేరు కంటే ముందు పనిని కల్పించాలి.

లెఫ్టినెంట్ అనే ఫ్రెంచి మాటకు మరొకరి స్థానంలో నిలిచేవాడని అర్థం. మార్షల్ అనే పేరు పాత జర్మానిక్ భాషల్లో గుర్రాలను చూసుకునే సేవకుడిది. ఇంకా విచిత్రమైనది తుర్కీని ఏలిన ఒట్టోమాన్ సుల్తానుల జానిసరీ అనే కాలిబంటు దళాలది: అక్కడ దళాధిపతిని చోర్బాజీ అనేవారు, అంటే సూపు కాచేవాడు. దళమంతా కలిసి తినే పెద్ద గిన్నెను ఆ సైనికులు జెండాతో సమానంగా గౌరవించేవారు. దాన్ని బోర్లించారంటే తిరుగుబాటు మొదలైందని అర్థం. ఆ ఒక్క పేరు విన్నవాడికి ఆ సైన్యం ఎలా బతికిందో సగం తెలిసిపోతుంది. మనం కల్పించే పేర్లకూ అంత బలం రావాలంటే, మన సైన్యం దేని చుట్టూ కూడుతుందో ముందుగా తేల్చుకోవాలి.

తరువాత అది తనను తాను ఎలా లెక్కపెట్టుకుంటుందో నిర్ణయించాలి. మంగోలులు పది, వంద, వెయ్యి, పదివేలుగా లెక్కించి, నాయకుల పేర్లను ఆ అంకెల మీదనే కట్టారు. మహాభారతం లెక్క వేరు: ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, ఐదుగురు కాల్బలం కలిస్తే ‘పత్తి’ అనే దళం, అక్కడి నుంచి సేనాముఖం, గుల్మం అంటూ మూడేసి రెట్లు పెరుగుతూ పోయి, చివర పది అనీకినులు ఒక అక్షౌహిణి అవుతాయి. అంకెను ఎంచుకున్నాక దాన్ని కాస్త చెడగొట్టాలి కూడా. రోమన్ సైన్యంలో సెంచురీ అనే దళం పేరు వందను సూచించినా, అందులో ఉన్నది దాదాపు ఎనభై మందే. పేరూ వాస్తవమూ అచ్చంగా సరిపోయే సైన్యం కాగితం మీదిదిగానే కనిపిస్తుంది.

తెలుగులో పేర్లు కట్టేవారికి ఒక గొప్ప సౌకర్యం ఉంది. మన సైనిక పదాలు మూడు పొరలుగా ఉన్నాయి, ఏ పదం ఏ పొరలోదో వినగానే పాఠకుడు పట్టుకుంటాడు. దండనాయకుడు, సేనాని, గజసాహిణి అనేవి శాసనాల భాష. కాకతీయ గణపతిదేవుని ఏనుగుల దళానికి అధిపతి అయిన జాయప మనకు జాయప సేనానిగానే గుర్తుండిపోయాడు. బంటు, లెంక, కావలి అనేవి నేల మీది మాటలు. జమాదారు, హవల్దారు, కిల్లేదారు అనేవి పారసీ రాజభాషగా ఉన్న కాలంలో వచ్చి స్థిరపడినవి. ఒకే సైన్యంలో ఈ మూడింటినీ విచక్షణ లేకుండా కలిపితే గందరగోళమే మిగులుతుంది. కానీ రాజు ఫర్మానాలో ఒక పేరూ, గుడారంలో మరొక పేరూ వినిపించేలా పంచితే, ఆస్థానానికీ సైనికుడికీ ఉన్న దూరాన్ని వర్ణించకుండానే చెప్పవచ్చు. ‘దారు’ అనే ప్రత్యయం నేటికీ కొత్త మాటలను పుట్టిస్తూనే ఉంది. సంస్కృత పదానికి తగిలించి వినియోగదారు అనీ, తెలుగు మాటకు తగిలించి కొనుగోలుదారు అనీ అనగలుగుతున్నప్పుడు, పొలిమేర మంచెల మీది కాపలాకు అధికారిని మంచెదారు అనడానికి అడ్డేమీ లేదు.

ఇక్కడే ఒక జాగ్రత్త అవసరం. నాయుడు, తలారి, దొర వంటి పాత అధికార నామాలు ఈనాడు ఇంటిపేర్లుగానో, కులాల పేర్లుగానో, చేదు జ్ఞాపకాలుగానో జీవిస్తున్నాయి. దుర్మార్గపు సైన్యానికి వాటిని తగిలిస్తే కథ పక్కకుపోయి వివాదం ముందుకొస్తుంది. నా మటుకు నేను అటువంటి పదాలను పక్కన పెట్టి, ఆ అచ్చులోనే కొత్తవి పోసుకోవడం మేలనుకుంటాను.

ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. వానలు తక్కువైన మెట్ట రాజ్యం. గొలుసుకట్టు చెరువులే దాని ప్రాణం. శత్రువు ముందుగా గండి కొట్టేది చెరువు కట్టకే. ఆ సైన్యం పుట్టింది నీటి కాపలా నుంచి. మామూలు సైనికుడు కావలి. ఒక తూమును కాచే పదిమందికి పెద్ద తూమరి. కమ్మరి, కుమ్మరి అనే వృత్తినామాల పోలికతో ఈ పేరు సహజంగా వినిపిస్తుంది. కట్ట మొత్తానికి అధికారి కట్టేలిక. ఒక వరుసలోని చెరువులన్నింటికీ అధిపతి గొలుసేలిక. చెరువు నిండి పొర్లే వేళ పరుగున వచ్చి హెచ్చరించేవాడు అలుగరి. అలగడమనే అర్థం కూడా ఆ మాటలో తొంగిచూస్తుంది కనుక, గుడారంలో వాడి మీద హాస్యాలు వాటంతటవే పుడతాయి. ఒకరి బదులు నిలిచేవాడికి చేదోడు అని ముందు చేర్చితే చేదోడు కట్టేలిక, చేదోడు గొలుసేలిక అనే రెండు హోదాలు అదనపు శ్రమ లేకుండా దొరుకుతాయి. ఇంకా మెట్లు కావాలంటే జపాను సైన్యం పద్ధతి ఉంది: తాయ్‌సా, చూసా, షోసా అని ఒకే మాటకు పెద్ద, నడిమి, చిన్న అనే అర్థాలను ముందు చేర్చి వారు మూడు హోదాలు తయారుచేసుకున్నారు. అయితే ఆటలో ఆరేడు మెట్లకు మించితే ఆటగాడికి గుర్తుండవు.

పేర్లు కట్టాక వాటిని అరగదీయాలి. చాలామంది వదిలేసే పని ఇదే. మొగలుల కాలంలో సుబేదారు ఒక రాష్ట్రానికంతటికీ పాలకుడు. నిజాం ఉల్ ముల్క్ దక్కనుకు సుబేదారే. నేటి భారత సైన్యంలో అదే పేరు సిపాయిలకూ పై అధికారులకూ నడుమ ఉండే జూనియర్ కమిషన్డ్ అధికారిది. ఒకప్పటి కాలిబంటు అయిన బంట్రోతు కచేరీలో కాగితాలు మోసేవాడయ్యాడు. అశ్వదళంలోని దఫేదారు కలెక్టరు గది ముందు నిలబడ్డాడు. పొడవైన పేర్లలో ముక్కలు రాలిపోతాయి కూడా. లెఫ్టినెంట్ కంటే మేజర్ పెద్దవాడు, కానీ లెఫ్టినెంట్ జనరల్ కంటే మేజర్ జనరల్ చిన్నవాడు. ఎందుకంటే మొదట అది సార్జంట్ మేజర్ జనరల్, కాలక్రమంలో ముందరి సార్జంట్ ఊడిపోయింది. మన రాజ్యంలోనూ రెండు వందల ఏళ్ల తరువాత చేదోడు కట్టేలిక వట్టి చేదోడుగా మిగలవచ్చు. చెరువన్నదే లేని ఎడారిలో దండయాత్ర చేస్తున్న తూమరిని అక్కడి పిల్లవాడు తూము అంటే ఏమిటని అడగవచ్చు.

పేర్ల వెనుక పంతాలు కూడా ఉంటాయి. 1917 విప్లవం తరువాత రష్యా పాత సైనిక హోదాలను రద్దు చేసి, అధికారులను వారు చేసే పనిని బట్టే పిలిచింది. 1935లో వ్యక్తిగత హోదాలు తిరిగి వచ్చినా, జనరల్ అనే మాట 1940 వరకు రాలేదు. మీ కథలో రాజును కూలదోసినవారు ఉంటే, వారు ఏ పేర్లను నోటితో పలకడానికి ఇష్టపడరో ముందు రాసుకోండి. హోదా ఎంత కథను నడపగలదో తెలియాలంటే ఉద్యోగపర్వం చాలు: భీష్ముడు రథికులను, అతిరథులను లెక్కిస్తూ కర్ణుణ్ణి అర్ధరథుడన్నాడు, ఆ ఒక్క మాటతో కర్ణుడు భీష్ముడు ఉన్నంతవరకు యుద్ధం చేయనని కూర్చున్నాడు.

వాడుకలో వచ్చే చిక్కులను కూడా ముందే చూసుకోవాలి. ‘డు’తో ముగిసే పేరు స్త్రీకి కుదరదు, దండనాయకుడికి జంటగా దండనాయకురాలిని తయారుచేసే ప్రయాస కంటే, తూమరి, కట్టేలిక, మంచెదారు వంటి లింగభేదం లేని ముగింపులే నయం. అలాకాక పురుషవాచక బిరుదునే స్త్రీకి ఇవ్వాలనుకుంటే అది కావాలని చేసిన పనిగా కనిపించాలి. రుద్రమదేవిని శాసనాలు రుద్రదేవ మహారాజుగా పేర్కొన్నది అటువంటి ఉద్దేశంతోనే. పేరు చివర ‘గారు’ చేర్చి, ఆజ్ఞను స్వీకరించే స్వరంతో పైకి చదివి చూడండి. నాలుక తడబడితే యుద్ధ సన్నివేశంలో పాఠకుడూ తడబడతాడు. దళపతి, దళవాయి, దండనాయకుడు మూడూ మంచి మాటలే, కానీ ఒకే అక్షరంతో మొదలయ్యే ఆ మూడింటిలో ఎవరు ఎవరికి పైవారో ఏ ఆటగాడూ చెప్పలేడు. ఆట తెరపై చిన్న పెట్టెలో ఐదక్షరాలు దాటిన పేరు ఇరుకవుతుంది, ఒత్తులు ఎక్కువైతే చిన్న ఫోన్లలో చదవడమే కష్టం.

చివరగా, ఎంచుకున్న పేర్లను ఒక్కొక్క చీటీ మీద రాసి, కలిపి, మీ కథ తెలియని స్నేహితుడికి ఇచ్చి కింది నుంచి పైకి పేర్చమనండి. ఏ రెండు చీటీలు తారుమారైతే వాటిలో ఒకదాన్ని మార్చండి. అయితే తారుమారైనవి చేదోడు గొలుసేలిక, కట్టేలిక అయితే మాత్రం తొందరపడవద్దు. ఆ ఇద్దరిలో ఎవరి మాట చెల్లుతుందన్నది మీ సైనికులే తగవుపడదగిన విషయం.