ఆవకాయ చెయ్యి సబ్బుకు పనికిరాలేదు

మా ఇంట్లో త్రాసు ఉండేది కాదు. ఇరవై ఎనిమిదేళ్లుగా చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. ఏటా ఆవకాయ, గోంగూర, పండుమిరప పచ్చడి పెట్టి చుట్టుపక్కల తెలుగువాళ్లకు ఇస్తాను. ఉప్పు దోసిలితో, ఆవపిండి గ్లాసుతో, కారం కంటితో కొలుస్తాను. ఒక్క జాడీ కూడా బూజు పట్టలేదు. ఆ ధీమాతోనే కిందటి వేసవిలో సబ్బు మొదలుపెట్టాను. మూడుసార్లు చెడగొట్టి, నాలుగోసారి నలుగురికి చూపించదగ్గ సబ్బు తీశాను. మీరు నాలా నూనె నేలపాలు చేసుకోకూడదని ఇదంతా రాస్తున్నాను.

కరిగించి అచ్చులో పోసుకునే సబ్బు దిమ్మలు బజారులో దొరుకుతాయి. అందులో తప్పులేదు గానీ, అది సబ్బు చేయడం కాదు, ఎవరో చేసిన సబ్బుకు రంగు వేయడం. నేను చెప్పేది నూనెతో మొదలుపెట్టి చేసే సబ్బు. నూనెలోని కొవ్వు, కాస్టిక్ సోడా కలిసి రెండూ మారిపోయి సబ్బు, గ్లిజరిన్ అవుతాయి. కొలత సరిగ్గా ఉంటే చివరికి సోడా మిగలదు. "సోడా లేకుండా చేయవచ్చా పిన్నీ?" అని మా మేడ మీది అమ్మాయి అడిగింది. చేయలేము. సోడా వద్దనుకుంటే కుంకుడుకాయలు కొట్టుకోవాలి, సున్నిపిండి కలుపుకోవాలి. అవి మంచివే, కానీ సబ్బు కావు.

కాస్టిక్ సోడా కోసం నేను ఇక్కడి ప్యారీస్ కార్నర్ బజారు దాకా వెళ్లాను. నైనియప్ప నాయకన్ వీధిలో రసాయనాల కొట్లు వరుసగా ఉంటాయి. అక్కడ డబ్బా మీద శుద్ధి ఎంతో రాసి ఉన్న గుళికలు అడగండి; 97, 98 శాతం ఉంటే చాలు. మురుగు గొట్టాలు శుభ్రం చేయడానికి అమ్మే పొట్లాలు వద్దు, వాటిలో ఇంకేవేవో కలుస్తాయి. ఇంటికి తెచ్చాక మొదటి పని, డబ్బా మీద పెద్ద అక్షరాలతో "విషం" అని రాయడం. చూడటానికి అచ్చం కళ్లుప్పులా తెల్లగా మెరుస్తుంది. ఉప్పు జాడీలు వరుసగా ఉండే నా వంటింట్లో దానికి చోటు లేదని బీరువా పై అరలో తాళం వేసి పెట్టాను. మూత తెరిచి ఉంచకూడదు కూడా. చెన్నై గాలిలోని తేమను నిమిషాల్లో పీల్చుకుని చెమ్మగిల్లుతుంది. అప్పుడు మీరు తూచేది సోడాతో పాటు నీళ్లను కూడా.

మొదటి ప్రయత్నం పది నిమిషాల్లో ముగిసింది. సాంబారు కాచే పాత సత్తు గిన్నెలో నీళ్లు పోసి సోడా వేశాను. బుసబుసమంటూ నురగ పొంగింది, గిన్నె లోపలంతా నల్లబడింది. అల్యూమినియాన్ని ఈ సోడా తినేస్తుంది, పైగా మండే గుణమున్న హైడ్రోజన్ వాయువు వస్తుంది. పక్కనే పొయ్యి వెలుగుతోంది. ఆ రోజు నన్ను దేవుడే కాపాడాడు. స్టీలు గిన్నె, మందపాటి ప్లాస్టిక్ మగ్గు, సిలికాన్ గరిటె, ఇవే వాడండి. చెక్క కవ్వం, పప్పుగుత్తి వద్దు, సోడా వాటిని పీచుపీచు చేస్తుంది. సబ్బుకు వాడిన సామాను మళ్లీ వంటకు వాడకండి.

రెండో ప్రయత్నం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా గర్వం అణిగింది అక్కడే. మా కోడలు ఒక కాగితం మీద కొలతలు రాసి ఇచ్చింది: కొబ్బరి నూనె 250 గ్రాములు, నువ్వుల నూనె 200, ఆముదం 50, కాస్టిక్ సోడా 75, నీళ్లు 175. సోడా మాత్రం కొట్లోనే 75 గ్రాములు తూయించి పొట్లం కట్టించాను. నూనెకు త్రాసెందుకు, మిల్లీలీటర్ల గీతలున్న గ్లాసు ఉందిగా అనుకున్నాను. చివర్లో, ఉప్పు ఒక పిసరు ఎక్కువైతే పచ్చడి ఇంకా నిలుస్తుందన్న అలవాటుతో, డబ్బాలోంచి మరో చెంచాడు సోడా వేశాను. సబ్బు రాయిలా గట్టిగా, తెల్లగా వచ్చింది. కోస్తే అంచులు పెళుసుగా రాలాయి. మూడు వారాల తరువాత కూడా తడివేలితో సబ్బును తాకి నాలుక కొనకు అంటిస్తే, 9 వోల్టుల బ్యాటరీ మొనలను నాకినట్టు జివ్వుమంది.

ఎందుకలా అయిందో లెక్క చూడండి. నూనె ప్యాకెట్టు తిప్పి చదివితే, లీటరు అంటే 910 గ్రాములని దాని మీదే ఉంటుంది. అంటే నా గ్లాసు కొలతలో 500 మిల్లీలీటర్లు దాదాపు 455 గ్రాములే. ఏ నూనెకైనా సబ్బుగా మారడానికి పట్టే సోడాకు లెక్కలున్నాయి: గ్రాము కొబ్బరి నూనెకు 0.183 గ్రాములు, నువ్వుల నూనెకు 0.134, ఆముదానికి 0.128. కోడలి కాగితం ప్రకారం హెచ్చవేస్తే 45.75, 26.8, 6.4, మొత్తం దాదాపు 79. అందులో 5 శాతం తగ్గిస్తే 75. ఆ తగ్గింపు వల్ల కొంచెం నూనె సబ్బుగా మారకుండా మిగిలి చర్మాన్ని మెత్తగా ఉంచుతుంది. నూనెల్లో సహజంగా ఉండే తేడాలకూ అదే రక్ష. నేను పోసిన 455 గ్రాములకు పట్టేది 72 గ్రాముల సోడా మాత్రమే. నేను వేసింది 75, ఆ పైన ఒక చెంచాడు. ఆ చెంచాను తరువాత తూస్తే 5 గ్రాములు తూగింది. మొత్తం 80. ఎనిమిది గ్రాముల సోడా నూనె దొరకక సబ్బులో అలాగే కూర్చుంది.

పారేయలేదు. చేతులకు తొడుగులు వేసుకుని తురుముపీట మీద తురిమి, నూనెల మిశ్రమం మరో 80 గ్రాములు కలిపి, కాసిని నీళ్లు చల్లి, సన్నని సెగ మీద గిన్నెలో గిన్నె పెట్టి కరిగించాను. ఉప్మాలా ముద్ద అయింది. అందం సున్నా. కానీ ఆరాక నాలుకకు జివ్వుమనలేదు, గుడ్డలకు మూడు నెలలు వచ్చింది. మొదట నాలుకకు జివ్వుమన్న మరుసటి రోజే కోడలు అయిదు వందల లోపు ధరకు ఒక ఎలక్ట్రానిక్ త్రాసు తెప్పించింది. గ్రాము దాకా చూపిస్తుంది, గిన్నె బరువును సున్నా చేసే బొత్తం ఉంది. మావారు ఊరుకోక నా పిడికెడు ఉప్పును అయిదుసార్లు తూయించారు. 58, 66, 61, 70, 59. పచ్చడికి అది చాలు. సబ్బుకు చాలదు.

నూనె మార్చితే సోడా లెక్క కూడా మళ్లీ వేయాలి. "కొబ్బరి నూనె లేదు, అదే కొలతకు నువ్వుల నూనె వేశాను" అంటే చిక్కే, ఎందుకంటే నువ్వుల నూనెకు సోడా బాగా తక్కువ పడుతుంది. కొబ్బరి నూనె నురగ ఇస్తుంది, గట్టిదనం ఇస్తుంది, ఎక్కువైతే చర్మం పొడిబారుస్తుంది. ఇక్కడి ఉప్పునీళ్లకు అది లేకపోతే నురగ రాదని నేను సగం వేస్తాను. పొడి చర్మం ఉన్నవాళ్లు తగ్గించుకుని లెక్క కట్టుకోవచ్చు. చెన్నైలో కొబ్బరి నూనె దాదాపు ఏడాదంతా నీళ్లలాగే ఉంటుంది. బెంగళూరులో ఉండే మా చెల్లెలికి డిసెంబరులో సీసా వేడినీళ్లలో పెడితే గానీ కదలదు, అది 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది మరి.

ఇక చేసే పద్ధతి. పిల్లలు ఇంట్లో లేని వేళ చూసుకోండి. కళ్లకు అద్దాలు, చేతులకు రబ్బరు తొడుగులు, పొడవు చేతుల పాత చొక్కా. బాల్కనీలో గాలి ఆడేచోట నిలబడండి. నీళ్లు కుళాయివి వద్దు, మా లారీ నీళ్లలో సున్నం ఎక్కువ. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి. కొట్లో నీళ్లనే అడగండి, పక్కనే ఆసిడ్ సీసా కూడా ఉంటుంది.

నీళ్లలోకి సోడాను కొద్దికొద్దిగా వదలాలి. సోడా మీద నీళ్లు ఎన్నడూ పోయకూడదు, చిమ్ముతుంది. కలిపిన వెంటనే ఘాటైన ఆవిరి వస్తుంది, నీళ్లు మరుగుకు దగ్గరగా వేడెక్కుతాయి. ముఖం పక్కకు తిప్పుకోండి. చుక్క చర్మం మీద పడితే మొదట మంట తెలియకపోవచ్చు, జారుడుగా మాత్రం ఉంటుంది. ఆ జారుడు మీ చర్మంలోని కొవ్వే సబ్బుగా మారుతున్న జారుడు. వెంటనే కుళాయి కింద పెట్టి పావుగంట కడగండి. వెనిగర్ చర్మం మీద పోయకండి, గచ్చు తుడవడానికి వాడుకోండి. కంట్లో పడితే నీళ్లతో కడుగుతూనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

సోడా నీళ్లు, నూనె రెండూ 40, 45 డిగ్రీల దగ్గరకు వచ్చాక కలపాలి. జ్వరం చూసే థర్మామీటరు పనికిరాదు (నేను ప్రయత్నించాను). వంటకు వాడే సూది థర్మామీటరు ఉంటే మంచిది, లేకపోతే గిన్నె బయటివైపు అరచేయి ఆనిస్తే రెండూ హాయిగా వెచ్చగా తగలాలి. సోడా నీళ్లను నూనెలోకి సన్నధారగా పోసి, చేతి బ్లెండరుతో పది సెకన్లు తిప్పి, ఆపి, గరిటెతో కలిపి, మళ్లీ తిప్పండి. గరిటెతోనే తిప్పితే ముప్పావుగంట పట్టవచ్చు. పసుపుపచ్చని నూనె క్రమంగా మీగడ రంగుకు వస్తుంది. గరిటె ఎత్తి జారిస్తే ఆ ధార పైన గీతలా ఒక్క క్షణం నిలవాలి. పెసరట్టు పిండికన్నా పల్చన, మజ్జిగపులుసుకన్నా చిక్కన. దీన్ని ట్రేస్ అంటారు. అక్కడ ఆపేయాలి.

మూడో ప్రయత్నం చెడింది ఇక్కడే. కొలత సరిగ్గా ఉంది కదా అని అలంకారాలకు దిగాను. సోడా నీళ్లలో చిటికెడు పసుపు వేశాను, పచ్చని సబ్బు వస్తుందని. పసుపు తాకిన చోట ఎర్రటి మరక విచ్చుకుని, చూస్తుండగానే మగ్గంతా పెళ్లికూతురి పాదాల పారాణి అయింది. సున్నం కలిపి పారాణి చేసిన చేతికి ఇది తట్టకపోవడమే వింత. సబ్బు ఆరాక ఆ ఎరుపు ఇటుక రంగుకు, నెల తిరిగేసరికి మట్టి రంగుకు దిగింది. అది చాలదన్నట్టు వాసన కోసం లవంగ నూనె పోశాను. గరిటె రెండు తిప్పులు తిరిగిందో లేదో, గిన్నెలో రాగి సంకటి. లవంగ నూనె ట్రేస్‌ను అంత తొందర చేస్తుంది, పైగా చర్మాన్ని మండిస్తుంది. పిడికిలితో డబ్బాలోకి కుక్కాను. లోపలంతా గుంతలు. మొదటిసారి రంగు, వాసన ఏవీ వద్దని నా సలహా. నువ్వుల నూనె వాసన కొద్దిగా నిలుస్తుంది, నాకు అదే ఇష్టం.

కోడలి కాగితం మీది కొలతకు మొత్తం 750 గ్రాముల ముద్ద వస్తుంది. లీటరు ఐస్‌క్రీమ్ డబ్బాలో బటర్ పేపరు పరిచి పోయండి. తగరపు కాగితం అంటించిన మిఠాయి పెట్టెలు వద్దు, అదీ అల్యూమినియమే. ఒక రోజు కదపకండి, వేసవిలో దుప్పటి కప్పనక్కరలేదు. మరునాడు నొక్కితే వెన్నముక్కలా మెత్తగా ఉంటే ఇంకో రోజు ఆగండి. తీశాక తొడుగులు వేసుకునే కోయాలి, ఏడు ముక్కలు వస్తాయి.

తరువాత ఆరబెట్టడం. నాలుగు నుంచి ఆరు వారాలు. సోడా నూనెతో కలిసే పని చాలావరకు మొదటి రెండు రోజుల్లోనే అయిపోతుంది. ఈ వారాలు నీరు ఇంకి సబ్బు గట్టిపడటానికి. నేను వెదురు చేటలో బటర్ పేపరు పరిచి, ముక్కలు ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టి, ఫ్యాను గాలి తగిలే అలమర మీద పెట్టాను. వారానికోసారి తిప్పాను. మూడో విడత నవంబరు వానల్లో పడింది. పొద్దున్నే చూస్తే ముక్కల మీద ముత్యాల్లా నీటిబొట్లు. గ్లిజరిన్ గాలిలోని తేమను లాక్కుంటుంది కాబట్టి ఇక్కడ అది మామూలే. గుడ్డతో ఒత్తి, గాలికి పెట్టండి. నాలుగోది జనవరిలో చేశాను, ఆ బెడద లేదు. పైన తెల్లటి పలచని పొర కడితే భయపడకండి, చాకుతో గీకేయవచ్చు.

ప్రతి చేట అంచుకు చేసిన తేదీ రాసిన చీటీ గుచ్చండి. నాలుగో విడతలో ఒక ముక్క చేసిన రోజున 102 గ్రాములు ఉంది, ఆరు వారాలకు 89కి దిగి, అక్కడి నుంచి కదలడం మానేసింది. అప్పుడు నాలుక కొనకు అంటించి చూశాను. చప్పగా, సబ్బులాగే ఉంది. స్నానాల గదిలో నీళ్లు నిలవని జాలీ పెట్టెలో పెట్టాను. ఇంట్లో చేసిన సబ్బు తడిలో నానితే రెండు రోజుల్లో జావ అయిపోతుంది. ఆ ముక్క మా ముగ్గురికీ పద్దెనిమిది రోజులు వచ్చింది.