కారు షోరూమ్ ఆఫీసులో చేరి మేనేజర్‌గా ఎదగడం ఎలా?

కారు షోరూమ్‌లో ఉద్యోగం అనగానే చాలామందికి సేల్స్ ఉద్యోగమే గుర్తుకొస్తుంది. కానీ అమ్ముడైన ప్రతి కారు వెనుకా బిల్లింగ్, క్యాష్ కౌంటర్, అకౌంట్స్, ఆర్టీవో పత్రాలు, బీమా, స్టాక్ యార్డ్, కంపెనీ క్లెయిములు చూసే సిబ్బంది ఉంటారు. బీకాం లేదా మరో డిగ్రీతో పాటు టాలీ, ఎక్సెల్ చేతనైనవారు ఈ విభాగాల్లో ఎక్కడో ఒకచోట ప్రవేశించవచ్చు. ఏ కుర్చీ దొరికినా ఫరవాలేదు. అయితే మేనేజర్ కావాలనుకునేవారు ముందుగా ఒక్క కారు ఫైలును, అది ట్రైలర్ నుంచి దిగిన రోజు మొదలుకొని నంబర్ ప్లేటు బిగించే రోజు వరకు, ఆద్యంతం చదవడం నేర్చుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఆ ఫైలులో బుకింగ్ ఫారం, ఆధార్, పాన్ ప్రతులు, బ్యాంకు డెలివరీ ఆర్డర్ (అప్పు మంజూరైంది, కారు ఇవ్వవచ్చని బ్యాంకు ఇచ్చే పత్రం), ఇన్‌వాయిస్, బీమా పాలసీ, అమ్మకానికి రుజువైన ఫారం 21, వాహనం రోడ్డుకు యోగ్యమని తయారీదారు ఇచ్చే ఫారం 22, రిజిస్ట్రేషన్ దరఖాస్తు అయిన ఫారం 20 ఉంటాయి. వీటన్నింటినీ కలిపి ఉంచేది 17 అక్షరాల ఛాసిస్ నంబరు. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు వాడరు కాబట్టి గుండ్రంగా కనిపించేది సున్నాయే అవుతుంది. ఈ చిన్న సంగతి తెలియక సున్నాకు బదులు ఓ అని టైపు చేస్తే ఇన్‌వాయిస్‌లో ఒకటి, పాలసీలో ఒకటి, ఆర్టీవో రికార్డులో మరొకటి పడి, కస్టమర్ వారాల తరబడి తిరగాల్సి వస్తుంది. అందుకే కారు మీద నుంచి పెన్సిల్‌తో తీసిన ఛాసిస్ ప్రింటును పక్కన పెట్టుకొని ప్రతి పత్రంతోనూ అక్షరం అక్షరం సరిచూసే అలవాటును మొదటి నెలలోనే చేసుకోండి.

చట్టం గీసిన గీతలు కొన్ని కంఠతా రావాలి. తాత్కాలికమో, శాశ్వతమో రిజిస్ట్రేషన్ లేకుండా కొత్త కారును కొన్నవారి చేతికి ఇవ్వకూడదు. ఒక లావాదేవీకి 2 లక్షల రూపాయలు, అంతకు మించి నగదు తీసుకోకూడదు. ధర 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్, అంటే కొనేవారి నుంచి అమ్మేవారే తీసుకొని ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను, వసూలు చేయాలి. బీమా షోరూమ్‌లోనే తీసుకోవాలని కస్టమర్‌ను బలవంతపెట్టకూడదు. సేల్స్‌వారు ముహూర్తం దాటిపోతోందని ఒత్తిడి చేసినప్పుడు, డబ్బు పూర్తిగా జమ కాకుండా గేట్ పాస్ మీద సంతకం పెట్టనని మర్యాదగా, స్థిరంగా చెప్పగలగాలి. యజమాని నమ్మకం ఇలాంటి సందర్భాల్లోనే కుదురుతుంది.

రెండో మెట్టు స్టాకు లెక్క. షోరూమ్‌లో నిలబడిన కార్లు సాధారణంగా బ్యాంకు అప్పుతో కొన్నవి. 10 లక్షల కారు మీద ఏడాదికి 9 శాతం వడ్డీ అనుకుంటే, అది 60 రోజులు యార్డులో ఉన్నందుకు దాదాపు 14,800 రూపాయలు పోతాయి. అటువంటివి 30 ఉంటే నష్టం నాలుగు లక్షలు దాటుతుంది. ఏ కారు ఎన్నాళ్లుగా ఉందో, ఏ రంగు కదలడం లేదో వయసు వారీగా పట్టిక వేసి ప్రతి సోమవారం మేనేజర్ ముందు పెట్టండి, ఎవరూ అడగకపోయినా. మన ప్రాంతంలో ఆషాఢంలో అమ్మకాలు మందగించి శ్రావణంలో, దసరాకు ఒక్కసారిగా ఊపందుకుంటాయి కాబట్టి పంచాంగం చూడకుండా ఆర్డరు పెట్టే షోరూమ్ వడ్డీ కట్టుకుంటూ కూర్చుంటుంది. విధానాల మార్పులనూ కనిపెట్టి ఉండాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 4 అనే పాత కాలుష్య ప్రమాణంతో తయారైన వాహనాల అమ్మకం, రిజిస్ట్రేషన్ ఆగిపోతాయని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. ఆ గడువును లెక్కలోకి తీసుకొని ముందే స్టాకు తగ్గించుకున్నవారు తేలికగా బయటపడ్డారు. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారి కార్ల మీద జీఎస్టీకి అదనంగా పడే పరిహార సెస్ తొలగినప్పుడు, పాత స్టాకు మీద కట్టిన సెస్ క్రెడిట్‌ను సెస్‌కు తప్ప మరో పన్నుకు సర్దుబాటు చేసే వీలు లేక డీలర్లు ఇబ్బంది పడ్డారు.

నా దృష్టిలో గుర్తింపు త్వరగా తెచ్చే పని కంపెనీ క్లెయిములు. కస్టమర్‌కు ఇచ్చే ఎక్స్‌ఛేంజ్ బోనస్ (పాత కారు ఇచ్చి కొత్తది కొంటే దక్కే తగ్గింపు), కార్పొరేట్ డిస్కౌంట్ వంటి ఆఫర్లలో కారు తయారీ కంపెనీ భరించే వాటాను షోరూమ్ ముందు తన జేబులోంచి ఇచ్చి, తర్వాత పత్రాలు పెట్టి కంపెనీ నుంచి రాబట్టుకుంటుంది. పాత కారు ఆర్సీ తండ్రి పేరు మీద, కొత్త కారు కొడుకు పేరు మీద ఉన్నప్పుడు సంబంధం రుజువు చేసే కాగితం డెలివరీకి ముందే తీసుకోకపోతే, కారు వెళ్లిపోయాక ఆ కాగితం కోసం ఎంత బతిమాలినా రాకపోవచ్చు, ఈలోగా గడువు ముగుస్తుంది. ప్రతి క్లెయిముకూ పెట్టిన తేదీ, గడువు, తిరస్కరణకు కారణం, జమ అయిన మొత్తం రాసుకునే రిజిస్టరు మీరే మొదలుపెట్టండి. పోవాల్సిన డబ్బును వెనక్కి తెచ్చిన ఉద్యోగిని ఏ ఎండీ మరచిపోరు.

సేల్స్ ఒక్కటే తెలిస్తే జనరల్ మేనేజర్ స్థాయికి చేరడం కష్టం. వర్క్‌షాప్‌లో కొన్ని నెలలు పనిచేసే అవకాశం అడిగి తీసుకోండి. సర్వీసుకు వచ్చిన కారుకు చేయాల్సిన పనులు రాసే జాబ్ కార్డు ఎలా తెరుస్తారు, వారంటీ క్లెయిము ఎందుకు వెనక్కి వస్తుంది, ఏ విడిభాగం అరలో దుమ్ము పట్టి ఉంది అన్నవి అక్కడే తెలుస్తాయి. సర్వీసు, విడిభాగాల మీద వచ్చే లాభం సంస్థ స్థిర ఖర్చుల్లో ఎంత శాతాన్ని మోస్తోందో చూసే కొలతను ఈ రంగంలో అబ్సార్ప్షన్ అంటారు. అది 100 శాతానికి చేరితే ఆ నెల ఒక్క కారు అమ్మకపోయినా జీతాలు, అద్దె వెళ్లిపోతాయి. ఈ లెక్క తనంతట తాను వేయగలిగిన అడ్మిన్ ఉద్యోగి యాజమాన్యంతో మాట్లాడే మాటల స్థాయే మారిపోతుంది.

ఎంబీఏ ఉంటే మంచిదే, లేకపోయినా దారి మూసుకుపోదు. డీలర్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ మీద, అంటే అందరూ డీఎంఎస్ అనే సాఫ్ట్‌వేర్ మీద పట్టు మాత్రం తప్పనిసరి. అందులోని రిటైల్ లెక్క, టాలీలోని అమ్మకాల లెక్క, యార్డులో కంటికి కనిపించే కార్ల లెక్క నెలాఖరున మూడూ ఒకటి కావాలి. తేడా వస్తే కారణం తేలేవరకు వదలకండి.

సంస్థ ఖమ్మంలోనో నంద్యాలలోనో బ్రాంచి తెరిచి అడ్మిన్ ఇన్‌చార్జి కోసం చూస్తుంటే, పెద్ద షోరూమ్ వదలడం ఇష్టం లేకపోయినా వెళ్లడమే మేలని నేను చెబుతాను. హెడ్ ఆఫీసులో నలుగురు పంచుకునే బిల్లింగ్, క్యాష్, ఆర్టీవో, స్టాకు, సిబ్బంది హాజరు అన్నీ అక్కడ ఒక్కరి మీదే పడతాయి. వెళ్లే ముందు జీతం గురించి మాట్లాడేటప్పుడు స్టాకు వయసు పట్టిక, క్లెయిముల రిజిస్టరు, మూడు లెక్కలూ కలిసిన నెలవారీ నివేదికలు చేతిలో పట్టుకొని వెళ్లండి. ఎంత అడుగుతున్నారో, దేనికి అడుగుతున్నారో వాటినే చూపించి చెప్పండి.