డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో దిద్దుబాటు అమరికలు, బాడీ మన్నిక: ఏది ఎంతవరకు పనికొస్తుంది

డీఎస్‌ఎల్‌ఆర్ (లోపలి అద్దం మీదుగా దృశ్యాన్ని చూపించే, లెన్స్ మార్చుకోగల డిజిటల్ కెమెరా) మెనూ తెరిస్తే ఫొటోను సరిదిద్దే అమరికలు వరుసగా కనిపిస్తాయి. వాటిలో ఏది ఆన్‌లో ఉంచాలో తేల్చుకునే ముందు, మీరు ఫొటోలను రా ఫైళ్లుగా తీస్తున్నారా, జేపెగ్‌లుగా తీస్తున్నారా అన్నది చూసుకోవాలి. ఈ దిద్దుబాట్లలో అధికభాగం కెమెరా లోపల జేపెగ్ తయారయ్యేటప్పుడు మాత్రమే జరుగుతాయి. రా ఫైల్‌లో సెన్సర్ (వెలుగును ఫొటోగా నమోదు చేసే చిప్) పట్టుకున్న సమాచారం అలాగే ఉండిపోతుంది. ఏ అమరిక ఆన్‌లో ఉందన్న గుర్తు మాత్రం ఫైల్‌తోపాటు వెళ్తుంది గానీ, కెమెరా తయారీ సంస్థ ఇచ్చే సాఫ్ట్‌వేర్ తప్ప మిగతావి ఆ గుర్తును చాలావరకు పట్టించుకోవు. కాబట్టి రాలో మాత్రమే తీసేవారు ఈ మెనూలో ఎక్కువ భాగాన్ని వదిలేయవచ్చు.

మినహాయింపులు ఉన్నాయి. ఎక్కువసేపు షట్టర్ తెరిచి తీసిన ఫొటోల్లోని నాయిస్‌ను, అంటే చుక్కలను, తొలగించే లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ రా ఫైల్‌నే మారుస్తుంది. కానన్‌లోని హైలైట్ టోన్ ప్రయారిటీ, నికాన్‌లోని యాక్టివ్ డీ-లైటింగ్ తెల్లటి భాగాలు పాలిపోకుండా ఎక్స్‌పోజర్‌ను కొంత తగ్గించి తీయగలవు. అప్పుడు రా ఫైల్ కూడా ఆ మేరకు చీకటిగా వస్తుంది. హైలైట్ టోన్ ప్రయారిటీ ఆన్ చేయగానే ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) 100 ఎంచుకునే వీలు పోయి 200 నుంచి మొదలు కావడానికి కారణం ఇదే. రాలో తీసేవారు ఈ రెండింటినీ ఆఫ్‌లో ఉంచి, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (ఫొటో ఎంత వెలుగుగా రావాలో మార్చే అమరికను) చేత్తోనే తగ్గించుకోవడం మేలని నా అభిప్రాయం. ఎంత తగ్గిందో అప్పుడు మనకు తెలిసి ఉంటుంది.

లెన్స్ లోపాల దిద్దుబాటు

లెన్స్‌ను పూర్తి అపర్చర్‌లో, అంటే వెలుగు వచ్చే రంధ్రాన్ని పూర్తిగా తెరిచి, వాడితే ఫొటో మూలలు నల్లబడతాయి. దీన్ని సరిచేసే అమరికను కానన్ పెరిఫెరల్ ఇల్యూమినేషన్ కరెక్షన్ అనీ, నికాన్ విగ్నెట్ కంట్రోల్ అనీ పిలుస్తాయి. పగటి వెలుగులో దీన్ని నిశ్చింతగా ఆన్‌లో ఉంచవచ్చు. అయితే ఇది మూలలకు కొత్తగా వెలుగు తెచ్చిపెట్టదు, అక్కడ నమోదైన కొద్దిపాటి వెలుగునే పెంచి చూపిస్తుంది. మూలలు మధ్యభాగం కన్నా రెండు స్టాప్‌లు (ఒక్కో స్టాప్‌కు వెలుగు సగమవుతుంది) చీకటిగా ఉన్నాయనుకుందాం. ఐఎస్‌ఓ 3200లో తీసిన ఫొటోలో వాటిని మధ్యభాగంతో సమానం చేస్తే, ఆ మూలల్లో ఐఎస్‌ఓ 12800లో తీసినంత నాయిస్ కనిపిస్తుంది. రాత్రిపూట, మసక వెలుగులో తీసేటప్పుడు దీన్ని తగ్గించడమో ఆపేయడమో మంచిది.

క్రొమాటిక్ అబరేషన్ దిద్దుబాటుతో నష్టం దాదాపు ఏమీ లేదు. తెల్లటి ఆకాశం ముందు ఎండుకొమ్మను తీసినప్పుడు, ఫొటో అంచుల దగ్గర కొమ్మకు ఒకవైపు ఎర్రటి గీత, మరోవైపు ఆకుపచ్చ గీత వస్తాయి. ఈ దిద్దుబాటు ప్రధానంగా తొలగించేది వాటినే. ఫోకస్‌కు ముందూ వెనకా మసకబారిన భాగాలకు అంటుకునే ఊదా, ఆకుపచ్చ ఛాయలు వేరే రకానికి చెందినవి. వాటికి అపర్చర్‌ను రెండు మూడు స్టాప్‌లు మూయడమే మందు.

డిస్టార్షన్ దిద్దుబాటు వంగిన గీతలను నిటారుగా చేసే క్రమంలో ఫొటో అంచులను కొంత కత్తిరిస్తుంది. డీఎస్‌ఎల్‌ఆర్ వ్యూఫైండర్ అద్దం మీదుగా వచ్చే అసలు దృశ్యాన్నే చూపిస్తుంది కాబట్టి, ఆ కత్తిరింపు క్లిక్ చేసే ముందు కంటికి కనిపించదు. భవనాలను, బృందాలను తీసేటప్పుడు నాలుగు వైపులా కాస్త ఖాళీ వదలకపోతే, అంచున నిలబడ్డవారి భుజం తెగిపోతుంది. కొన్ని బాడీల్లో ఈ అమరిక వల్ల వరుస షాట్ల వేగం కూడా పడిపోతుంది.

ఈ మూడూ కెమెరాలో దాచి ఉంచిన లెన్స్ డేటా ఆధారంగా నడుస్తాయి. ఆ డేటా సాధారణంగా కెమెరా తయారుచేసిన సంస్థ సొంత లెన్స్‌లకే ఉంటుంది. ఇతర సంస్థల లెన్స్‌ను కెమెరా మరో లెన్స్‌గా పొరబడితే అక్కర్లేని దిద్దుబాటు జరిగి, ఫొటోలో వలయాల్లాంటి చారలు రావచ్చు. అటువంటి లెన్స్ తగిలించినప్పుడు ఈ అమరికలన్నీ ఆపేయాలి.

నాయిస్ రిడక్షన్

లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉంటే, 30 సెకన్ల ఫొటో తీశాక కెమెరా షట్టర్ మూసి మరో 30 సెకన్ల పాటు ఒక చీకటి ఫ్రేమ్ తీసుకుని, వేడెక్కిన పిక్సెళ్ల చుక్కలను అసలు ఫొటోలోంచి తీసివేస్తుంది. ఒంటరి ఫొటోకు ఇది బాగా పనిచేస్తుంది. నక్షత్రాల గీతల కోసం వరుసగా తీసేటప్పుడు మాత్రం ఆ నిరీక్షణ వల్ల గీతల్లో ఖాళీలు పడతాయి, కాబట్టి ఆఫ్ చేయాలి. హై ఐఎస్‌ఓ నాయిస్ రిడక్షన్ జేపెగ్‌లకే వర్తిస్తుంది. ఎక్కువ పెడితే చర్మం మైనంలా కనిపిస్తుంది కనుక తక్కువ స్థాయి చాలు.

ఫోకస్ సవరణ

ఏఎఫ్ (ఆటోఫోకస్) మైక్రో అడ్జస్ట్‌మెంట్, లేదా ఏఎఫ్ ఫైన్ ట్యూన్, దిద్దుబాట్ల జాబితాలో ఎవరూ చేర్చరు గానీ, డీఎస్‌ఎల్‌ఆర్‌లో నాకు అన్నింటికన్నా ఎక్కువగా ఉపయోగపడింది ఇదే. వ్యూఫైండర్‌తో తీసేటప్పుడు ఫోకస్‌ను కొలిచేది ఇమేజ్ సెన్సర్ కాదు, అద్దాల గది అడుగున ఉండే ప్రత్యేక ఏఎఫ్ సెన్సర్. ఈ రెండింటికీ వెలుగు ప్రయాణించే దూరాల్లో వెంట్రుకవాసి తేడా ఉన్నా ప్రతి ఫొటోలోనూ ఫోకస్ ఒకే వైపు తప్పుతుంది. కళ్లకు పెట్టిన ఫోకస్ ఎప్పుడూ చెవి మీద పడుతోందంటే ముందు అనుమానించవలసింది దీన్నే.

కెమెరాను ట్రైపాడ్ మీద ఉంచి, ఎదురుగా ముద్రిత అక్షరాలున్న ఒక చదునైన అట్టను నిటారుగా నిలబెట్టి, దాని పక్కన ఒక స్కేలును ఏటవాలుగా పెట్టాలి. దూరం ఫోకల్ లెంగ్త్‌కు సుమారు 50 రెట్లు ఉండాలి, అంటే 50 మిల్లీమీటర్ల లెన్స్‌కు రెండున్నర మీటర్లు. పూర్తి అపర్చర్‌లో, ప్రతిసారీ ఫోకస్‌ను ముందు చెదరగొట్టి, మళ్లీ అట్ట మీదే పెట్టి, అయిదారు ఫొటోలు తీయాలి. లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూస్తూ తీసే పద్ధతిలో) ఇమేజ్ సెన్సరే ఫోకస్‌ను నిర్ణయిస్తుంది కాబట్టి అందులో తీసిన ఫొటోను ప్రమాణంగా పెట్టుకోవచ్చు. స్కేలు మీద అట్టకు ముందున్న అంకెలు స్పష్టంగా ఉంటే ప్లస్ వైపు, వెనకవి స్పష్టంగా ఉంటే మైనస్ వైపు జరపాలి. పరిధి సాధారణంగా 20 అంకెలు అటూ ఇటూ ఉంటుంది. ఫొటో ఫొటోకూ ఫోకస్ ఒక్కో దిక్కుకు పోతుంటే ఈ సవరణ ఫలించదు, సర్వీసుకు ఇవ్వక తప్పదు.

సెన్సర్ మీది నలక

2003లో ఒలింపస్ ఈ-1తో సెన్సర్ ముందున్న ఫిల్టర్‌ను కంపింపజేసి దుమ్ము దులిపే పద్ధతి మొదలైంది. తరువాత ఇతర సంస్థలూ దీన్ని అందుకున్నాయి. కెమెరాను బల్ల మీద నిటారుగా ఉంచి ఈ శుభ్రతను నడిపితే పొడి దుమ్ము రాలిపోతుంది. పుప్పొడి, నూనె తుంపర వంటి అంటుకునే మరకలు దీనికి లొంగవు.

నలక ఉందో లేదో చూడటానికి అపర్చర్‌ను ఎఫ్/16కు తగ్గించి, ఫోకస్‌ను చెదరగొట్టి, తెల్లగోడను ఫొటో తీయాలి. మసక అంచులున్న బూడిదరంగు చుక్క కనిపిస్తే అది సెన్సర్ మీదిదే. లెన్స్ దృశ్యాన్ని తలకిందులు చేస్తుంది కాబట్టి, ఫొటోలో పై ఎడమ మూలన కనిపించే చుక్క, లెన్స్ తీసి ఎదురుగా చూసినప్పుడు సెన్సర్ కింది ఎడమ మూలన ఉంటుంది. వ్యూఫైండర్‌లో కనిపించి ఫొటోలో కనిపించని నలక ఫోకసింగ్ స్క్రీన్‌ది (అద్దానికి పైన ఉండి వ్యూఫైండర్‌లో దృశ్యాన్ని చూపే చిన్న తెర), దాన్ని వదిలేయండి. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే మెనూలోంచి అద్దాన్ని పైకి లేపి, కెమెరా ముఖాన్ని కిందికి వంచి, రబ్బరు బ్లోయర్‌తో ఊదాలి. నోటితో ఊదకూడదు. ఒక్క నలక కోసం నేనలా ఊదిన రోజున ఫొటోలో తుంపరల మరకలు పదకొండు లెక్కపెట్టాను. అద్దాన్ని గుడ్డతో తుడవకూడదు, దాని పూత పైపొర మీదే ఉంటుంది.

మన్నిక

మెగ్నీషియం మిశ్రమలోహపు బాడీ దెబ్బలకు ఓర్చుకుంటుంది గానీ నీటిని ఆపేవి అతుకుల దగ్గరి రబ్బరు సీళ్లు. లెన్స్ మౌంట్ చుట్టూ రబ్బరు వలయం లేకపోతే బాడీ సీళ్లు ఎన్ని ఉన్నా నీరు మౌంట్ దగ్గరే లోనికి వెళ్తుంది. కొన్ని లెన్స్‌లకు ముందు ఫిల్టర్ బిగిస్తేనే సీలు పూర్తవుతుంది, ఆ విషయం లెన్స్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఈ సీళ్లు చినుకులనూ దుమ్మునూ ఆపుతాయి, నీట మునిగితే కాపాడవు. తడిసిన కెమెరాను పొడిగుడ్డతో అద్దిన తరువాతే కార్డు మూత, బ్యాటరీ మూత తెరవాలి.

చలిగదిలోంచి ఉక్కపోతలోకి వెళ్లేటప్పుడు కెమెరాను జిప్ సంచిలో మూసి ఉంచితే, తేమ సంచి పైన పేరుకుంటుంది తప్ప అద్దాల మీద పేరుకోదు. దాచేచోట తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే లెన్స్‌కు బూజు పట్టదు.

కానన్, నికాన్ 2020 తరువాత కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ మోడళ్లు తేకపోవడంతో ఇప్పుడు చాలామంది వాడిన బాడీలనే కొంటున్నారు, అందుకే షట్టర్ లెక్క, అంటే షట్టర్ ఎన్నిసార్లు పనిచేసిందన్నది, ముఖ్యమైంది. నికాన్ డీ7200కు 1,50,000, డీ850కు 2,00,000, కానన్ 1డీ ఎక్స్‌కు 4,00,000 సార్లు పరీక్షించినట్లు తయారీదారులు ప్రకటించారు. ఈ అంకె గడువు కాదు. దాటినా పనిచేసేవి ఉన్నాయి, ముందే చెడిపోయేవీ ఉన్నాయి. నికాన్ ఫొటో ఫైల్‌లోనే ఈ లెక్క నమోదవుతుంది, కానన్ బాడీల్లో చాలావాటిలో నమోదు కాదు. లెక్క తెలిసినా తెలియకపోయినా, 1/4000 సెకను వేగంతో తెల్లగోడను పది సార్లు తీసి చూడండి. ఒక ఫొటోలోనైనా ఒక అంచు నల్లగా వచ్చినా, అడ్డంగా పట్టీ కనిపించినా షట్టర్ తెరలు అరిగి వేగం తప్పుతున్నాయని అర్థం. కొత్త షట్టర్ వేయించే ఖర్చును ధరలోంచి తగ్గించమని అడగాలి.