‘నాసిక్ వ్యాలీ వైన్’ అని సీసాపై రాసుకోవాలంటే: జీఐ అధీకృత వినియోగదారుగా నమోదయ్యే దరఖాస్తు విధానం

‘నాసిక్ వ్యాలీ వైన్‌కు జీఐ (భౌగోళిక సూచిక, అంటే సరుకు ఏ ప్రాంతానిదో చెప్పే పేరు) గుర్తింపు ఎప్పుడో వచ్చింది. మా వైనరీ ఉన్నదీ నాసిక్ జిల్లాలోనే. ఇక ఆ పేరు లేబుల్ మీద వేసుకుంటే తప్పేమిటి?’ చిన్న తయారీదారులకు సహజంగా వచ్చే సందేహం ఇది. తప్పే. ఎందుకు తప్పో ముందుగా తెలిస్తే, దరఖాస్తులో అడిగే ప్రతి కాగితం వెనక ఉన్న కారణం తేలిగ్గా బోధపడుతుంది.

సరుకుల భౌగోళిక సూచికల చట్టం 1999లో వచ్చింది, 2003 సెప్టెంబర్ 15న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం నిర్వహించే రిజిస్టర్‌లో రెండు భాగాలుంటాయి. మొదటి భాగంలో భౌగోళిక సూచిక, దాన్ని నమోదు చేయించిన సంఘం పేరు ఉంటాయి. ఈ సంఘాన్ని చట్టం నమోదిత యజమాని అంటుంది. రెండో భాగంలో ఆ పేరును తమ సరుకు మీద వాడుకునే హక్కు పొందిన ఉత్పత్తిదారుల పేర్లుంటాయి. వీరే అధీకృత వినియోగదారులు. సంఘం పేరు మొదటి భాగంలోకి ఎక్కినంత మాత్రాన ఆ ప్రాంతంలోని ప్రతి ఒక్కరూ రెండో భాగంలోకి వచ్చేయరు. ఎవరి దరఖాస్తు వారు పెట్టుకోవాలి. పేరు వాడుకునే ప్రత్యేక హక్కును 21వ సెక్షన్ ఇచ్చింది అధీకృత వినియోగదారుకే. ఎవరైనా ఆ పేరును దొంగిలిస్తే కోర్టుకు వెళ్లి నిలువరించే హక్కు కూడా ఆ నమోదుతోనే వస్తుంది.

ఇక్కడ నాసిక్ వైన్ గురించి చెబుతున్నా, ఫారం మాత్రం అందరిదీ ఒకటే. పోచంపల్లి ఇక్కత్ నేసే నేతన్న అయినా, కొండపల్లి బొమ్మలు చెక్కే కళాకారుడైనా, అరకు లోయలో అరబికా కాఫీ పండించే గిరిజన రైతు అయినా నింపాల్సింది ఇదే జీఐ-3 ఫారం. గోవా ఫెనీ, అస్సాంలో దిమాసా తెగవారు బియ్యంతో చేసే జుడిమా కూడా ఇదే చట్టం కింద నమోదైన పానీయాలు.

ఎవరు దరఖాస్తు చేయవచ్చు

‘ఉత్పత్తిదారు’ అనే మాటకు చట్టం విశాలమైన అర్థమే ఇచ్చింది. వ్యవసాయ సరుకైతే పండించేవారితో పాటు దాన్ని శుద్ధి చేసేవారు, ప్యాక్ చేసేవారు కూడా ఉత్పత్తిదారులే. తయారు చేసే సరుకైతే తయారీదారుతో పాటు ఆ సరుకు వ్యాపారం చేసేవారూ అందులోకి వస్తారు. వైనరీ ఒక వ్యక్తిదైనా, భాగస్వామ్య సంస్థ అయినా, కంపెనీ అయినా అడ్డు లేదు. సరుకు మాత్రం నమోదు పత్రంలో రాసిన ప్రాంతానిది, రాసిన పద్ధతిలో తయారైనది అయి తీరాలి.

‘నమోదు పత్రంలో రాసిన’ అన్న మాటను గట్టిగా పట్టుకోండి. నిఫాడ్, దిండోరి తాలూకాల ద్రాక్ష తోటలు అందరికీ తెలిసినవే. కానీ మీ తోట హద్దు లోపల ఉందా, బయట ఉందా అన్నది నలుగురూ అనుకునే మాటతో తేలదు. జీఐ కోసం సంఘం పెట్టిన మూల దరఖాస్తుకు ఆ ప్రాంతపు పటం జతచేసి ఉంటుంది. సరుకు లక్షణాలు, తయారీ విధానం, నాణ్యతను తనిఖీ చేసే ఏర్పాటు వివరాలు కూడా అందులోనే ఉంటాయి. జీఐ రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఆ పత్రాలు ఎవరైనా చూడవచ్చు. మిగతా పనులు పక్కన పెట్టి మొదట దాన్ని చదవండి. అదే సమయంలో నమోదు ప్రస్తుత స్థితిని కూడా చూసుకోండి. జీఐ నమోదు పదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాల్సినది. మూల నమోదు చెల్లుబాటులో ఉంటేనే మీ దరఖాస్తుకు విలువ.

వివరణ పత్రం: అసలు పని ఇదే

ఫారం నింపడానికి ఒక పూట చాలు. దానికి జతచేయాల్సిన వివరణ పత్రం మాత్రం సులువుగా తేలదు. నమోదైన ఈ సరుకును నేను నిజంగా ఉత్పత్తి చేస్తున్నాను అని మీరు ఆధారాలతో చెప్పుకునే పత్రమది. దాన్ని బలపరుస్తూ అఫిడవిట్ ఇవ్వాలి. నా దృష్టిలో దరఖాస్తు మొత్తానికి ప్రాణం ఇక్కడే ఉంది. న్యాయవాది మంచి భాషలో రాసిపెడితే సరిపోతుందని అనుకోవద్దు. తోటలోనూ వైనరీలోనూ రోజూ రాసే పుస్తకాలు సరిగా లేకపోతే ఏ భాషా దాన్ని నిలబెట్టలేదు.

నేల నుంచి మొదలుపెట్టండి. సొంత తోట అయితే సాత్‌బారా ఉతారా జతచేయాలి. మహారాష్ట్రలో భూమి హక్కును, పంటను చూపే పత్రమది. మన పహాణీ, అడంగల్ వంటిది. దానిలో సర్వే నంబరు, విస్తీర్ణం, ద్రాక్ష పంట నమోదు సరిపోలాలి. రైతుల దగ్గర కొంటున్నట్లయితే వారితో చేసుకున్న ఒప్పందాలు, వారి భూమి పత్రాలు పెట్టాలి. నోటిమాట మీద నడిచే కొనుగోళ్లు నమ్మకానికి మంచివే కానీ రిజిస్ట్రీ ముందు నిలబడవు. ఈ ఏడాది నుంచైనా రైతుతో రెండు పేజీల ఒప్పందం రాసుకోండి. అది రైతుకూ రక్షణే.

తర్వాత రకం. నాసిక్ పేరు చెప్పగానే గుర్తొచ్చే థాంప్సన్ సీడ్‌లెస్ తినే ద్రాక్ష. వైన్‌కు షెనిన్ బ్లాంక్, సావిన్యాన్ బ్లాంక్, షిరాజ్ వంటి రకాలు వేస్తారు. ఏ సర్వే నంబరులో ఏ రకం, ఎన్ని ఎకరాలు, ఎప్పుడు నాటినది అన్న పట్టిక ఒకటి తయారు చేయండి.

ఆపై కోత. ఐరోపాలో ద్రాక్ష కోత శరదృతువులో జరుగుతుంది. మన దక్కను పీఠభూమిలో చెట్టును ఏటా రెండుసార్లు కత్తిరిస్తారు. వేసవిలో ఒకసారి, వానలు వెనకబట్టాక మరోసారి. రెండో కత్తిరింపు తర్వాత వచ్చిన గుత్తులు చలికాలపు చల్లని రాత్రుల్లో పండుతాయి. కోత జనవరి నుంచి మార్చి వరకు సాగుతుంది. నాసిక్ వైన్‌కు ఈ ప్రాంతం ఇచ్చిన గుణం గురించి మాట్లాడాలంటే ఈ పంట క్యాలెండరే మొదటి సాక్ష్యం. కత్తిరింపు తేదీలు, కోత తేదీలు, కోసిన రోజున రసంలో తీపి ఎంత ఉందో చూపిన బ్రిక్స్ కొలత, ఇవన్నీ రాసిన పుస్తకం మీ దగ్గరుంటే వివరణ పత్రం సగం రాసినట్లే.

చివరగా వైనరీ లోపలి దారి. ట్రాక్టరు గేటు దగ్గర తూకం వేసిన చీటీ, ఆ ద్రాక్ష రసం ఏ ట్యాంకులోకి వెళ్లింది, ఒక ట్యాంకు నుంచి మరోదానికి ఎప్పుడు మార్చారు, ఏ తేదీన సీసాల్లో నింపారు, ఆ సీసాలకు వేసిన బ్యాచ్ నంబరు ఏమిటి. ఒక పరీక్ష చెబుతాను. గోదాములోంచి కళ్లు మూసుకుని ఒక సీసా తీయండి. దాని మీది బ్యాచ్ నంబరు పట్టుకుని వెనక్కి నడిచి, ఆ ద్రాక్ష పండిన పొలం సర్వే నంబరు వరకు మీ పుస్తకాలతోనే చేరగలరా? చేరగలిగితే దరఖాస్తు పెట్టండి. మధ్యలో ఎక్కడ దారి తెగిందో అక్కడ ముందు సరిచేసుకోండి. సాంగ్లీ నుంచో సోలాపూర్ నుంచో ద్రాక్ష తెప్పించి చేసే వైన్ కూడా ఉంటే దాని ట్యాంకులు, పుస్తకాలు, లేబుళ్లు పూర్తిగా వేరుగా ఉంచండి. ఆ వైన్ ఎంత బాగున్నా సరే, దాని సీసా మీద ఈ పేరు పడకూడదు.

ఫారం, సమ్మతి, రుసుము

జీఐ-3 ఫారంలో మీ పేరు, చిరునామా, సరుకు, ఏ భౌగోళిక సూచిక కింద నమోదు కోరుతున్నారో, దాని నంబరు రాయాలి. ఉత్తరప్రత్యుత్తరాలకు భారతదేశంలోని చిరునామా ఇవ్వడం తప్పనిసరి. నమోదిత యజమాని అయిన సంఘం నుంచి సమ్మతి లేఖ తెచ్చి జతచేయండి. లేఖ దొరకని పక్షంలో దరఖాస్తు ప్రతిని సంఘానికి పంపి, పంపినట్లు రిజిస్ట్రీకి తెలియజేయాలి. ఏదేమైనా సంఘం తలుపు తట్టకుండా దరఖాస్తు పెట్టడం మంచిది కాదు. తరువాత అభ్యంతరం వస్తే అది వారి నుంచే వచ్చే అవకాశం ఎక్కువ. మీ తోటను, వైనరీని వారిని పిలిచి చూపించండి.

రుసుము ఒకప్పుడు 500 రూపాయలు ఉండేది. 2020లో నిబంధనలు సవరించి దాన్ని 10 రూపాయలు చేశారు. చిన్న రైతులకు, చేతివృత్తులవారికి ఇది నిజంగా మేలు చేసిన మార్పు. దాఖలు చేసే రోజున రుసుముల పట్టిక మరోసారి చూసుకోండి. దరఖాస్తును ఆన్‌లైన్‌లో గానీ, చెన్నై గిండీలోని భౌగోళిక సూచికల రిజిస్ట్రీకి గానీ సమర్పించవచ్చు. దేశం మొత్తానికి ఆ కార్యాలయం ఒక్కటే.

దాఖలు చేశాక

అధికారులు పరిశీలించి లోపాలుంటే నోటీసు పంపుతారు. అందులో చెప్పిన గడువులోపు జవాబివ్వాలి. అంగీకరించిన దరఖాస్తును జీఐ జర్నల్‌లో ప్రచురిస్తారు. ప్రచురించిన నాటి నుంచి మూడు నెలల్లోపు ఎవరైనా అభ్యంతరం తెలపవచ్చు. కోరితే రిజిస్ట్రార్ మరో నెల వరకు గడువు పొడిగించవచ్చు. అభ్యంతరం ప్రతి మీకు అందాక రెండు నెలల్లో ప్రతివాదన పంపాలి. పంపకపోతే దరఖాస్తును మీరే వదులుకున్నట్లు భావిస్తారు. కష్టపడి కూర్చిన ఫైలు ఒక ఉత్తరానికి జవాబివ్వనందువల్ల పోవడం కంటే బాధ ఇంకొకటి ఉండదు. అందుకే చిరునామా, ఈమెయిలు మారితే వెంటనే తెలియజేయండి. అభ్యంతరాలు లేకున్నా, వచ్చినవి తేలిపోయినా, మీ పేరు రిజిస్టర్ రెండో భాగంలో చేరుతుంది. ధ్రువపత్రం వస్తుంది.

జీఐ ఉన్నా ఆహార ప్రమాణాలు వేరే

జీఐ ధ్రువపత్రం వైన్ ఎక్కడిదో చెబుతుంది. ఆ వైన్ తాగడానికి తగినదా అన్నది దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ చూస్తుంది. 2018లో వచ్చిన మద్య పానీయాల ప్రమాణాల నిబంధనలు 2019 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్నాయి. వాటి ప్రకారం వైన్ లేబుల్ మీద పరిమాణంలో ఆల్కహాలు శాతం, వైన్ ఎక్కడిదన్న వివరం, తీపి స్థాయి, వాడిన ద్రాక్ష రకాల పేర్లు ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా ఉండాలి. నిల్వ కోసం వాడిన పదార్థాల అవశేషాలూ తెలపాలి. సల్ఫైట్లు కిలోకు 10 మిల్లీగ్రాములు, అంతకు మించి ఉంటే అలర్జీ సూచనలో వాటిని చెప్పాలి. ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు, 14 అంకెల లైసెన్సు నంబరు ఎలాగూ ఉండాల్సినవే.

మద్యపానం ఆరోగ్యానికి హానికరమని, తాగి వాహనం నడపవద్దని చెప్పే హెచ్చరిక అక్షరాల ఎత్తు 3 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. చిన్న సీసాలకు మాత్రం కొంత సడలింపు ఉంది. రాష్ట్రాలు కోరితే ఈ హెచ్చరికను స్థానిక భాషలో ముద్రించవచ్చు, అప్పుడు ఇంగ్లిషులో మళ్లీ వేయనక్కరలేదు. తెలుగు చదివే కొనుగోలుదారుకు తెలుగులోనే హెచ్చరిక కనిపించాలని నేను గట్టిగా కోరుకుంటాను. గుండెకు మంచిదని, రక్తం పెరుగుతుందని, ఇలా ఆరోగ్యం గురించి ఏ గొప్పా రాయకూడదు.

లేబుల్ గురించే ఇంకో మాట. మెరిసే నురగల వైన్ చేశాం కదా అని ‘షాంపేన్’ అని రాయకండి. ఆ పేరు ఫ్రాన్స్‌లోని ఆ ప్రాంతానిది, మన దేశంలోనూ జీఐగా నమోదై ఉంది. ప్రభుత్వం నోటిఫై చేసిన సరుకుల విషయంలో ‘ఆ రకం’, ‘ఆ తరహా’ అని పక్కన చేర్చినా జీఐ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఉల్లంఘనే. మన నాసిక్ పేరును ఇతరులు గౌరవించాలని కోరేవాళ్లం, ఇతరుల పేరును మనమూ గౌరవించాలి. సరుకుకు తప్పుడు భౌగోళిక సూచిక తగిలిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి రెండు లక్షల రూపాయల జరిమానా ఉన్నాయి.

తెలుగు రాష్ట్రాల్లో అమ్మాలంటే

జీఐ ధ్రువపత్రం చూపి హైదరాబాదులోనో విజయవాడలోనో నేరుగా అమ్మడం కుదరదు. మద్యం రాష్ట్రాల పరిధిలోని విషయం. రెండు రాష్ట్రాల్లోనూ ప్రొహిబిషన్, ఎక్సైజ్ శాఖ దగ్గర లేబుళ్లు నమోదు చేయించుకోవాలి. టోకు సరఫరా రాష్ట్ర బెవరేజెస్ కార్పొరేషన్ ద్వారానే సాగుతుంది. కాబట్టి లేబుల్ వేల సంఖ్యలో ముద్రించే ముందే జీఐ పేరు, ఎఫ్ఎస్ఎస్ఏఐ వివరాలు, ఎక్సైజ్ శాఖ కోరే మాటలు అన్నీ ఒకే నమూనాలో పెట్టి చూసుకోండి. తర్వాత మార్చాలంటే ముద్రణ ఖర్చూ, మళ్లీ నమోదు పనీ రెండూ పడతాయి.

నమోదు వచ్చాక ఏం చేయకూడదు

ఈ హక్కును అమ్మలేరు, అద్దెకివ్వలేరు, తాకట్టు పెట్టలేరు, మరొకరికి లైసెన్సు ఇవ్వలేరు. 24వ సెక్షన్ ఆ దారులన్నీ మూసేసింది. బ్రాండును ఏ పట్నపు కంపెనీకి అమ్మినా నాసిక్ పేరు దానితో పాటు వెళ్లదు. కొన్నవారు తామే ఉత్పత్తిదారులమని చూపి మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. అధీకృత వినియోగదారు మరణిస్తే మాత్రం హక్కు వారసులకు సంక్రమిస్తుంది.

నమోదు పదేళ్లు చెల్లుతుంది. ఆలోపే మూల జీఐ గడువు ముగిస్తే మీదీ అప్పుడే ముగుస్తుంది. అందువల్ల ధ్రువపత్రం మీది తేదీతో పాటు సంఘం నమోదు ముగిసే తేదీని కూడా రాసి, తూకం చీటీల పుస్తకం మొదటి పేజీలో అంటించి ఉంచండి. రోజూ చేతికందే పుస్తకం అదే.